తెరమీది పిక్సెళ్లను టెక్స్చర్‌లోకి తీసుకోవడం: రీడ్‌పిక్సెల్స్, కాపీటెక్స్, బ్లిట్‌లలో ఏది ఎక్కడ?

నీటిఛాయ

అందరికీ నమస్కారం. గ్రాఫిక్స్ గీయించే ఓపెన్‌జీఎల్ 3.3తో రాస్తున్న ఒక దృశ్యంలో కొలను చేర్చాను. నీటి అడుగున ఉన్న రాళ్లు అలల కదలికకు వంకరలు పోతూ కనబడాలి. అందుకని ముందు గట్టి వస్తువులన్నింటినీ గీసి, అప్పటికి తయారైన చిత్రాన్ని ఒక టెక్స్చర్‌లోకి (షేడర్ చదవగల చిత్రంలోకి) తీసుకుని, నీటి షేడర్‌లో (గ్రాఫిక్స్ చిప్పు జీపీయూపై నడిచి పిక్సెల్ రంగు తేల్చే చిన్న ప్రోగ్రాంలో) అల నార్మల్ (తలానికి లంబంగా ఉండే దిశ) ఎటు వంగితే అటు కొద్దిగా జరిపి ఆ టెక్స్చర్‌ను చదువుతున్నాను.

మొదట జీఎల్‌రీడ్‌పిక్సెల్స్‌తో పిక్సెళ్లను మామూలు మెమరీలోకి చదివి, వాటినే తిరిగి జీఎల్‌టెక్స్‌ఇమేజ్2డీకి ఇచ్చాను. బొమ్మ సరిగ్గానే వచ్చింది గానీ ఫ్రేమ్‌రేటు దారుణంగా పడిపోయింది. ఆ తరువాత కొత్తగా ఒక ఖాళీ టెక్స్చర్ తయారుచేసుకుని జీఎల్‌కాపీటెక్స్‌సబ్‌ఇమేజ్2డీకి మారాను. వేగం తిరిగొచ్చింది, కానీ నీరంతా కటిక నలుపుగా కనబడుతోంది. జీఎల్‌గెట్‌ఎర్రర్ ఏ లోపమూ చెప్పడం లేదు. విండో 1920×1080, 4 శాంపుళ్ల మల్టీశాంపులింగ్ (అంచులు నునుపుగా రావడానికి పిక్సెల్‌కు పలు నమూనాలు తీసే పద్ధతి) పెట్టాను. మొదటి పద్ధతి ఎందుకు అంత నెమ్మదిగా ఉంది, రెండో పద్ధతిలో నలుపు ఎందుకు వస్తోంది అన్నవి నా ప్రశ్నలు.

త్రికోణం

నీటిఛాయ గారూ, నలుపు సంగతి ముందు చూద్దాం. కొత్తగా పుట్టిన ప్రతి టెక్స్చర్‌కూ చిన్నదిగా చూపేటప్పుడు వాడే ఫిల్టర్ మిప్‌మ్యాప్‌లను (అదే చిత్రపు క్రమంగా చిన్నవైన నకళ్లను) కోరేదిగానే ఉంటుంది. మీరు కాపీ చేసింది 0వ స్థాయిని మాత్రమే. కింది స్థాయిలు లేవు. అలాంటి టెక్స్చర్‌ను ఓపెన్‌జీఎల్ అసంపూర్ణంగా లెక్కగడుతుంది, షేడర్ దాన్ని చదివితే నలుపు చేతికిస్తుంది. ఓపెన్‌జీఎల్ నిర్దేశం (స్పెసిఫికేషన్) ప్రకారం ఇది లోపం కాదు కనుక జీఎల్‌గెట్‌ఎర్రర్ మౌనంగా ఉంటుంది. ఆ ఫిల్టర్‌ను లీనియర్‌కు మార్చండి, లేదా టెక్స్చర్ గరిష్ఠ స్థాయిని 0గా ప్రకటించండి. మీ పాత టెక్స్చర్‌కు ఈ అమరిక ఎక్కడో చేసి ఉంటారు, కొత్తదానికి చేసి ఉండరు.

ఇక వేగం. 1920×1080 చిత్రానికి పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లవుతాయి. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 50 కోట్ల బైట్లు జీపీయూ నుంచి కిందికి రావాలి, మళ్లీ అన్నీ పైకి వెళ్లాలి. అయితే అసలు నష్టం రవాణాలో కన్నా ఎదురుచూపులో ఎక్కువ. సీపీయూ ఆదేశాలను వరుసలో పేర్చి తన దారిన ముందుకు సాగిపోతుంది. జీపీయూ వాటిని కొంత ఆలస్యంగా అమలుచేస్తుంది. ఇద్దరూ ఒకేసారి పనిలో ఉండగలగడం ఈ ఏర్పాటు వల్లనే. జీఎల్‌రీడ్‌పిక్సెల్స్ మామూలు మెమరీలోకి రాయాలంటే, అంతవరకు పేర్చిన ఆదేశాలన్నీ పూర్తయి, పిక్సెళ్లు దిగివచ్చేదాకా సీపీయూ నిలబడిపోవాలి. ఆ తరువాత కొత్త ఆదేశాలు అందేదాకా జీపీయూ ఖాళీగా కూర్చుంటుంది. ఫ్రేము మధ్యలో ఒక్కసారి ఇలా జరిగినా ఇద్దరి సమయమూ వృథా అవుతుంది.

జీఎల్‌కాపీటెక్స్‌సబ్‌ఇమేజ్2డీలో పిక్సెళ్లు జీపీయూ మెమరీ దాటి బయటికి రావు. అది కూడా వరుసలో చేరే మరో ఆదేశమే కనుక సీపీయూ ఆగదు. అందువల్ల ఈ విషయంలో మొదట వేసుకోవలసిన ప్రశ్న, ఈ పిక్సెళ్లను సీపీయూ నిజంగా చూడాలా అన్నది. మీ కొలను విషయంలో అక్కర్లేదు.

నీటిఛాయ

త్రికోణం గారికి ధన్యవాదాలు. ఫిల్టర్ మార్చగానే నీరు కనబడింది. అయితే మరో ల్యాప్‌టాప్‌లో నడిపితే కాపీలో చిత్రపు ఎడమ దిగువ నాలుగో వంతు మాత్రమే ఉంది. ఆ యంత్రం తెర సాంద్రత ఎక్కువ.

పాతచట్రం

అది విండో కొలతకూ ఫ్రేమ్‌బఫర్ (గీసిన పిక్సెళ్లు నిలిచే చోటు) కొలతకూ ఉన్న తేడా. అధిక సాంద్రత తెరలపై విండో వెడల్పును వ్యవస్థ తన సొంత ప్రమాణాల్లో చెబుతుంది. పిక్సెళ్లు దానికి రెట్టింపు ఉండవచ్చు. మీరు విండో తెరిచే లైబ్రరీ జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ వాడుతుంటే విండో సైజు అడిగే ఫంక్షన్ వేరు, ఫ్రేమ్‌బఫర్ సైజు అడిగే ఫంక్షన్ వేరు. వ్యూపోర్టుకైనా (గీసే ప్రాంతానికైనా) కాపీకైనా రెండోదే వాడాలి. మూలబిందువు ఎడమ దిగువన ఉంటుంది కాబట్టే మీకు ఆ మూలలోని నాలుగో వంతు దొరికింది.

ఈ సందర్భంలో కాపీ ఫంక్షన్ల గురించి కొంత చెప్పాలనిపిస్తోంది. 1992 నాటి ఓపెన్‌జీఎల్ 1.0లో తెరను టెక్స్చర్‌లోకి తేవాలంటే, మీరు మొదట చేసినట్లు, చదివి తిరిగి ఎక్కించడమే దారి. 1997లో వచ్చిన 1.1 ఈ కాపీ ఫంక్షన్లను తెచ్చింది. ఆ రోజుల్లో టెక్స్చర్ కొలతలు రెండు ఘాతాల్లోనే ఉండాలి. 640×480 తెరను పట్టుకోవాలంటే 1024×512 టెక్స్చర్‌ను ఒకసారి కేటాయించి, దాని మూలలోకి 640×480 భాగాన్ని కాపీ చేసి, చదివేటప్పుడు అక్షాంకాలను 0.625 తోనూ 0.9375 తోనూ గుణించేవారు. 2004లో వచ్చిన 2.0తో ఆ నిబంధన తొలగింది.

పేరులో ‘సబ్’ ఉన్నదానికీ లేనిదానికీ తేడా మాత్రం ఇప్పటికీ ముఖ్యమే. జీఎల్‌కాపీటెక్స్‌ఇమేజ్2డీ పిలిచిన ప్రతిసారీ టెక్స్చర్ నిల్వను కొత్తగా నిర్వచిస్తుంది. ‘సబ్’ ఉన్నది ఇప్పటికే ఉన్న నిల్వలోకి పిక్సెళ్లను నింపుతుంది. ప్రతి ఫ్రేములోనూ జరిగే పనికి రెండోదే తగినది. విండో కొలత మారినప్పుడు మాత్రం టెక్స్చర్‌ను మళ్లీ కేటాయించుకోండి.

వర్ణపటం

పెద్దలు చెప్పినవన్నీ నిజమే గానీ, నాకు మౌలికమైన అభ్యంతరం ఒకటుంది. ముందు తెరకు గీసి ఆ తరువాత తెరనుంచి లాక్కోవడమెందుకు? మనమే తయారుచేసుకునే ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్ 2005లో ఎక్స్‌టెన్షన్‌గా వచ్చింది, 2008లో 3.0తో ప్రధాన నిర్దేశంలో చేరింది. టెక్స్చర్‌నే గమ్యంగా తగిలించి నేరుగా అందులోకి గీస్తే, గీయడం పూర్తయ్యేసరికి చిత్రం టెక్స్చర్‌లోనే ఉంటుంది.

వేగం ఒక్కటే కాదు, భద్రత కూడా చూడాలి. విండోకు చెందిన ఫ్రేమ్‌బఫర్‌లోని ప్రతి పిక్సెల్ మనదని హామీ లేదు. మరో విండో కప్పివున్న చోట, లేదా విండో తెర అంచు దాటి వెళ్లిన చోట ఆ పిక్సెళ్ల విలువలు ఏమవుతాయో నిర్దేశం చెప్పదు. కొన్ని వ్యవస్థల్లో బాగానే వస్తుంది, మరికొన్నింటిలో చెత్త వస్తుంది. అలాగే చూపే (ముందు) బఫర్‌నూ గీసే (వెనుక) బఫర్‌నూ మార్చిన తరువాత వెనుక బఫర్‌లో ఏముంటుందో కూడా హామీ లేదు. మార్పు ఆదేశానికి ముందే కాపీ తీయాలి. బ్రౌజర్లలోని వెబ్‌జీఎల్‌లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: గీసిన బఫర్‌ను నిలుపుకోమని ప్రత్యేకంగా కోరకపోతే, పేజీలో చూపించాక అది తుడిచిపెట్టుకుపోతుంది. సొంత ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్‌కు ఈ బాధలేవీ లేవు.

త్రికోణం

వర్ణపటం గారూ, సొంత ఫ్రేమ్‌బఫర్‌కు గీయాలన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ కొలనుకు కాపీ అక్కర్లేదన్న భావం అందులో ఉంటే మాత్రం ఒప్పుకోలేను. నీరు గీసేటప్పుడు షేడర్ ఆ చిత్రాన్ని చదవాలి, ఫలితాన్ని అదే చిత్రంపై రాయాలి. గమ్యంగా తగిలించి ఉన్న టెక్స్చర్‌నే చదివితే ఏమి వస్తుందో నిర్దేశం హామీ ఇవ్వదు. 2014 నాటి 4.5లోని టెక్స్చర్ బారియర్ (అంతకుముందు రాసినది చదవడానికి సిద్ధమయ్యేలా చూసే ఆదేశం) ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే మనం చదివేది మనం రాస్తున్న పిక్సెల్‌ను కాదు, అల ఎటు నెడితే అటున్న పొరుగు పిక్సెల్‌ను. దాన్ని అదే నీటి మరో ముక్క అప్పటికే మార్చి ఉండవచ్చు.

కనుక రెండు రంగుల టెక్స్చర్లు తప్పవు. నేను సాధారణంగా ఇలా అమరుస్తాను. మొదటి ఫ్రేమ్‌బఫర్‌కు మొదటి రంగు టెక్స్చర్, డెప్త్ (ప్రతి పిక్సెల్ కెమెరాకు ఎంత దూరమో దాచే బఫర్). రెండో ఫ్రేమ్‌బఫర్‌కు రెండో రంగు టెక్స్చర్, కానీ డెప్త్ మాత్రం అదే. గట్టి వస్తువులన్నీ మొదటిదానికి గీసి, ఒక ఫ్రేమ్‌బఫర్ నుంచి మరోదానికి నకలు తీసే జీఎల్‌బ్లిట్‌ఫ్రేమ్‌బఫర్‌తో (బ్లిట్‌తో) రంగును రెండోదానికి పంపి, నీటిని రెండోదానికి గీస్తూ మొదటి రంగును చదువుతాను. డెప్త్ ఉమ్మడిగా ఉంది గనుక నీటికి ముందున్న రాయి నీటిని సరిగానే కప్పుతుంది. లోతును బట్టి నీటి రంగు ముదరాలంటే డెప్త్‌ను కూడా షేడర్‌లో చదవాలి. అప్పుడు దానికీ ఒక నకలు తీసుకోవడమే నిశ్చింత.

ఫ్రేముకు ఒక్కసారి, గట్టి వస్తువుల తరువాత, పారదర్శక వస్తువులకు ముందు తీసే నకలు నా దృష్టిలో న్యాయమైన ఖర్చు. ప్రతి నీటి తలానికీ, ప్రతి గాజు పలకకూ విడిగా నకలు తీయడం మాత్రం సమర్థించలేనిది. గేమ్ ఇంజన్ యూనిటీలోని పాత గ్రాబ్‌పాస్‌కు (తెరను టెక్స్చర్‌లోకి పట్టే అడుగుకు) పేరు పెడితే ఫ్రేముకు ఒకసారే పట్టేది, పేరు పెట్టకపోతే దాన్ని వాడే ప్రతి వస్తువుకూ విడిగా పట్టేది. ఆ పేరు రాయని షేడర్లు దృశ్యాలను ఎంత నెమ్మది చేశాయో ఆ పని చేసినవారికి తెలుసు.

చిన్నతెర

నేను ఎక్కువగా ఫోన్ల కోసం రాస్తాను. ఫ్రేము మధ్యలో నకలు తీయడం బల్లమీది కంప్యూటర్‌లో న్యాయమైన ఖర్చే కావచ్చు గానీ, ఫోన్లలో దాని స్వభావం వేరు. మాలీ, అడ్రీనో, పవర్‌వీఆర్ వంటి చిప్పులు తెరను చిన్న పలకలుగా విభజించి, ఒక్కో పలకను చిప్పులోపలి చిన్న మెమరీలోనే పూర్తిచేసి, చివరకు ఒక్కసారి బయటి మెమరీకి రాస్తాయి. బ్యాటరీ నిలిచేది ఆ ఒక్క రాతకే పరిమితం కావడం వల్ల. మధ్యలో కాపీ అడిగితే అన్ని పలకలనూ బయటికి రాయాలి, కాపీ తీయాలి, నీరు గీయడానికి మళ్లీ అన్నింటినీ లోపలికి తెచ్చుకోవాలి. ఇందులో కాపీ కన్నా దాని ముందూ వెనుకా జరిగే రాకపోకలే బరువు.

నేను పాటించే జాగ్రత్తలు కొన్ని చెబుతాను. వక్రీభవనానికి సగం కొలత చిత్రం చాలు. అలలు ఎలాగూ దాన్ని చెదరగొడతాయి. ఇక అవసరం లేని డెప్త్‌నూ, మల్టీశాంపుల్ బఫర్లనూ ఓపెన్‌జీఎల్ ఈఎస్ (ఫోన్ల రూపం) 3.0లో వచ్చిన జీఎల్‌ఇన్‌వాలిడేట్‌ఫ్రేమ్‌బఫర్‌తో వదిలేస్తే డ్రైవర్ వాటిని బయటికి రాయదు. కొత్త గమ్యానికి మారిన వెంటనే దాన్ని తుడిచి మొదలుపెడితే పాత విలువలను లోపలికి తేదు. షేడర్ తన పిక్సెల్ పాత రంగును నేరుగా చదువుకునే ఫ్రేమ్‌బఫర్ ఫెచ్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. అది రంగు అద్దడానికి బాగుంటుంది కానీ పొరుగు పిక్సెల్‌ను ఇవ్వదు కాబట్టి నీటికి పనికిరాదు.

మరొకటి. ఈఎస్ 2.0లోనూ వెబ్‌జీఎల్ 1లోనూ టెక్స్చర్‌లో ఉన్న రంగు భాగాలన్నీ ఫ్రేమ్‌బఫర్‌లో కూడా ఉండాలి. ఆల్ఫా (పారదర్శకత భాగం) లేని ఫ్రేమ్‌బఫర్ నుంచి ఆల్ఫా ఉన్న టెక్స్చర్‌లోకి కాపీ అడిగితే లోపం వస్తుంది. టెక్స్చర్‌ను ఆల్ఫా లేకుండా కేటాయిస్తే సరిపోతుంది.

నీటిఛాయ

త్రికోణం గారి అమరికకు మారుతున్నాను, చిన్నతెర గారు చెప్పిన సగం కొలత కూడా చేయాలని ఉంది. మల్టీశాంపులింగ్ వదులుకోవడం ఇష్టం లేక మొదటి ఫ్రేమ్‌బఫర్‌ను 4 శాంపుళ్లతో తయారుచేశాను. దాన్నుంచి 960×540 టెక్స్చర్‌లోకి బ్లిట్ చేస్తే చెల్లని ఆపరేషన్ అన్న లోపం వస్తోంది. కాపీటెక్స్ వాడినా అదే లోపం. విండో ఫ్రేమ్‌బఫర్‌తో ఇదివరకు రాలేదు.

త్రికోణం

రెండూ నిర్దేశం ప్రకారమే వస్తున్నాయి. విండో ఫ్రేమ్‌బఫర్‌లో మల్టీశాంపులింగ్ ఉంటే, శాంపుళ్లను కలిపి ఒక రంగుగా మార్చే పనిని కాపీటెక్స్ వేళకు వ్యవస్థే చూసుకుంటుంది. మనం తయారుచేసిన మల్టీశాంపుల్ ఫ్రేమ్‌బఫర్ నుంచి కాపీటెక్స్ గానీ రీడ్‌పిక్సెల్స్ గానీ చేయనివ్వరు. మనమే బ్లిట్‌తో కలుపుకోవాలి. ఆ బ్లిట్‌లో మూలం, గమ్యం ఒకే కొలతలో ఉండాలి, కలపడమూ కుదించడమూ ఒకే అడుగులో చేయకూడదు.

కాబట్టి మొదటి బ్లిట్ 1920×1080 నుంచి అదే కొలత గల మామూలు టెక్స్చర్‌కు, రెండో బ్లిట్ అక్కడినుంచి 960×540కు లీనియర్ ఫిల్టర్‌తో. సరిగ్గా సగానికి కుదించేటప్పుడు ప్రతి కొత్త పిక్సెల్ కేంద్రమూ నాలుగు పాత పిక్సెళ్లు కలిసే మూలలో పడుతుంది, అందువల్ల లీనియర్ ఫిల్టర్ నాలుగింటి సగటునే ఇస్తుంది. నాలుగో వంతుకు ఒకే దూకులో వెళితే ఈ లక్షణం పోయి, మెరుపులు మినుకుమంటాయి. నీరు గీసే గమ్యం కూడా 4 శాంపుళ్లతోనే ఉంటుంది కనుక, ఇప్పుడు మొదటి ఫ్రేమ్‌బఫర్‌కే తిరిగివచ్చి నీటిని గీయవచ్చు. మీరు చదివేది విడి నకలు కాబట్టి ఘర్షణ లేదు.

బ్లిట్ విషయంలో రెండు సూక్ష్మాలు గుర్తుంచుకోండి. డెప్త్‌ను బ్లిట్ చేసేటప్పుడు నియరెస్ట్ ఫిల్టర్ మాత్రమే చెల్లుతుంది, రెండువైపులా డెప్త్ ఫార్మాట్ ఒకటే ఉండాలి. రెండోది, బ్లిట్ సిజర్ పరీక్షకు లోబడుతుంది. అంతకుముందు ఏదో మెనూ కోసం సిజర్ ఆన్ చేసి వదిలేస్తే, బ్లిట్ ఆ చిన్న పెట్టెలోని భాగాన్నే రాస్తుంది, ఏ లోపమూ చెప్పదు. కాపీటెక్స్‌కు సిజర్‌తో సంబంధం లేదు కాబట్టి, ఒకదాన్నుంచి మరోదానికి మారినవారు ఇక్కడ చాలాసేపు వెతుక్కుంటారు.

వర్ణపటం

చిత్రం చేతికొచ్చాక చదవడంలో కూడా లోపాలు దాగి ఉంటాయి. టెక్స్చర్ అంచు దాటితే ఏమి చేయాలన్న అమరిక మొదట్లో పునరావృతంగా ఉంటుంది. తెర కుడి అంచున ఉన్న అల చదివే చోటును బయటికి నెడితే, తెర ఎడమ అంచులోని రంగు నీటిలో మెరుస్తుంది. అంచుకే బిగించే అమరికకు మార్చుకోవాలి.

అంతకన్నా బాగా కంటికి తగిలేది ఇంకొకటుంది. కొలను మధ్యలో ఒక స్తంభం నీటికి ముందు నిలబడి ఉందనుకోండి. నకలులో స్తంభం కూడా ఉంటుంది. స్తంభం పక్కనున్న నీటి పిక్సెల్ తన చదివే చోటును స్తంభం వైపు నెట్టిందంటే, నీటికి ముందున్న స్తంభపు రంగు నీటి అడుగున ఉన్నట్లు పూసుకుపోతుంది. దీనికి డెప్త్ నకలు కావాలి. జరిపిన చోట డెప్త్‌ను చదివి, అది నీటి తలం కన్నా కెమెరాకు దగ్గరగా ఉంటే, జరపడం మానేసి అసలు చోటునే చదవాలి. స్తంభం చుట్టూ వంకర కొద్దిగా తగ్గుతుంది, కానీ పూత పోతుంది. నా అనుభవంలో నీరు నిజమనిపించడానికి అలల గణితం ఎంత అవసరమో ఈ ఒక్క పోలిక అంత అవసరం.

సాక్షిచిత్రం

ఈ చర్చలోకి నా ప్రశ్న తేవచ్చో లేదో, కానీ దగ్గరి విషయమే. గీసిన ఫ్రేములను వీడియోగా దాచాలి, అంటే పిక్సెళ్లు సీపీయూకు రావలసిందే. 1366×768 విండోలో ఆల్ఫా లేకుండా పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున చదువుతుంటే బొమ్మ వాలిపోయి, రంగులు వరుసకో రకంగా మారుతున్నాయి. కొన్నిసార్లు ప్రోగ్రాం కూలిపోతోంది. 1280×720లో ఏ ఇబ్బందీ లేదు.

పాతచట్రం

తప్పకుండా తేవచ్చు. మీ లక్షణాలన్నింటికీ ఒకటే కారణం. చదివిన ప్రతి వరుస 4 బైట్ల హద్దు దగ్గర మొదలవ్వాలన్నది ఓపెన్‌జీఎల్ సహజ అమరిక. 1366ను 3తో గుణిస్తే 4098, అది 4తో భాగింపబడదు. అందువల్ల ప్రతి వరుస 4100 బైట్ల దూరంలో మొదలవుతుంది. మీ కోడ్ 4098 అనుకుంటోంది కాబట్టి వరుసకు 2 బైట్ల చొప్పున జారుతోంది. 2 బైట్లంటే పూర్తి పిక్సెల్ కూడా కాదు, అందుకే ఎరుపు స్థానంలో నీలం, నీలం స్థానంలో ఆకుపచ్చ వచ్చి పడుతున్నాయి. చివరి వరుసకు వచ్చేసరికి జారుడు 1534 బైట్లు, అంటే దాదాపు 511 పిక్సెళ్లు. మీరు కేటాయించిన మెమరీ దాటి అంతే మేర రాత జరుగుతోంది, కూలిపోవడం అందుకే. 1280ని 3తో గుణిస్తే 3840, అది 4తో సరిగ్గా భాగింపబడుతుంది. ఆ హద్దును నిర్ణయించే ప్యాక్ అలైన్‌మెంట్‌ను 1కి మార్చండి, లేదా ఆల్ఫాతో కలిపి 4 బైట్లుగా చదవండి. వరుసలు కిందినుంచి పైకి వస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి. వీడియో ఎన్‌కోడర్లు సాధారణంగా పైవరుసను ముందు అడుగుతాయి.

వేగానికి పిక్సెల్ బఫర్ ఆబ్జెక్ట్ (పిక్సెళ్లను దాచే, డ్రైవర్ చేతిలోని మెమరీ) వాడండి. 2006 నాటి 2.1 నుంచి ఇది ప్రధాన నిర్దేశంలో ఉంది. దాన్ని ప్యాక్ బఫర్‌గా (చదివే గమ్యంగా) బంధించి ఉన్నప్పుడు జీఎల్‌రీడ్‌పిక్సెల్స్ చివరి పరామితి మెమరీ చిరునామా కాదు, ఆ బఫర్‌లో దూరం. పిలుపు వెంటనే తిరిగొస్తుంది, కాపీ జీపీయూ వీలునుబట్టి జరుగుతుంది. రెండు మూడు బఫర్లను వంతులవారీగా వాడుతూ, ఈ ఫ్రేమును ఒకదానిలోకి అడిగి, ఇంతకుముందు అడిగినదాన్ని ఇప్పుడు తెరిచి చదవండి. అదే ఫ్రేములో అడిగి అదే ఫ్రేములో తెరిస్తే మళ్లీ పాత ఎదురుచూపే. 3.2లో వచ్చిన ఫెన్స్‌ను (అంతవరకు ఇచ్చిన ఆదేశాలు పూర్తయ్యాయో చెప్పే గుర్తును) ప్రతి చదువు వెనుక పెట్టి, సున్నా వ్యవధితో అడిగి చూస్తే, పూర్తయ్యిందో లేదో ఆగకుండానే తెలుస్తుంది. వీడియోకు ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యం ఏమాత్రం అడ్డు కాదు.

ఒకవేళ మీ విండో కాక, తెరమీద ఉన్న ఇతర విండోలు కూడా కావాలంటే ఓపెన్‌జీఎల్‌ను అడగకండి. విండోస్ 8 నుంచి ఉన్న డెస్క్‌టాప్ డూప్లికేషన్ తెర చిత్రాన్ని నేరుగా డైరెక్ట్3డీ టెక్స్చర్‌గా ఇస్తుంది, ఏయే దీర్ఘచతురస్రాలు మారాయో కూడా చెబుతుంది.

నీటిఛాయ

రెండు బ్లిట్‌లు, అంచు బిగింపు, డెప్త్ పోలిక అన్నీ పెట్టాను. స్తంభం చుట్టూ పూత పోయింది, నీరు నాకు కావలసినట్లు వచ్చింది. అందరికీ కృతజ్ఞతలు. ఇదే దృశ్యాన్ని మరో గ్రాఫిక్స్ ఏపీఐ అయిన వల్కన్‌కు మార్చాలనుకుంటున్నాను. అక్కడ చూపబోయే చిత్రం నుంచే నకలు తీయవచ్చా?

త్రికోణం

తీయవచ్చు, కానీ ముందే చెప్పి ఉంచాలి. స్వాప్‌చైన్ (తెరపై వంతులవారీగా చూపే చిత్రాల వరుస) తయారుచేసేటప్పుడే దాని చిత్రాలు కాపీకి మూలంగా కూడా పనిచేయాలని వినియోగ జాబితాలో కోరాలి. ఆ విండో ఉపరితలం దాన్ని అనుమతిస్తుందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఆ తరువాత చిత్రాన్ని గీసే లేఅవుట్ (మెమరీలోని అమరిక) నుంచి కాపీ మూలం లేఅవుట్‌కు బారియర్‌తో మార్చి, కాపీ చేసి, చూపడానికి ముందు మళ్లీ చూపే లేఅవుట్‌కు మార్చాలి. ఓపెన్‌జీఎల్‌లో డ్రైవర్ మన వెనుక చేసిన పని ఇదే. యాపిల్ మెటల్‌లో కూడా పొరకు ఫ్రేమ్‌బఫర్‌గా మాత్రమే వాడాలన్న గుర్తు మొదటినుంచీ పెట్టి ఉంటుంది, దాన్ని తీసేస్తేనే ఆ చిత్రాన్ని చదవనిస్తుంది.

అయితే మీకు ఆ అవసరం లేదు. ఇప్పుడున్నట్లే సొంత చిత్రానికి గీసి, నకలు అక్కడే తీసి, పూర్తయిన దాన్ని చివర్లో స్వాప్‌చైన్‌కు పంపండి. వల్కన్‌లో నకలుకు మూడు వేరు ఆదేశాలున్నాయి: ఉన్నదున్నట్లు తీసేది, కొలత లేదా ఫార్మాట్ మార్చి తీసేది, శాంపుళ్లను కలిపేది. శాంపుళ్లు కలపడానికి విడి ఆదేశం కన్నా రెండర్ పాస్ (ఒక గమ్యానికి గీసే విడత) చివర్లోని రిజాల్వ్ అటాచ్‌మెంట్ (కలిపిన ఫలితం చేరే చిత్రం) మేలు, ముఖ్యంగా చిన్నతెర గారు చెప్పిన పలకల చిప్పులపై, ఎందుకంటే అక్కడ కలపడం చిప్పులోపలే జరిగిపోతుంది. అయితే నీటిని తిరిగి అదే 4 శాంపుళ్ల చిత్రానికి గీయాలి కనుక, మీ మొదటి పాస్ ముగిసేటప్పుడు ఆ మల్టీశాంపుల్ చిత్రాన్ని వదిలేయకుండా నిలుపుకోమనే చెప్పాలి. వదిలేయమనవలసింది నీరు గీసిన పాస్ తరువాత.